లేని నావకు పోటు లెక్క

సూరత్ ఊళ్లో ఆల్థాన్‌లో నేనుండే ఇంటి వెనక ఒక ఖాడీ ఉంది. ఖాడీ అంటే సముద్రపు నీరు వచ్చి పోయే పాయ. నీరు తీసిపోయినప్పుడు అడుగు బురద బయటపడి, కుళ్లిన నాచూ తుప్పూ తడి గోనెసంచీ కలిసినట్టు ఒక వాసన వేస్తుంది. ఇరుగుపొరుగువాళ్లు కిటికీలు మూసుకుంటారు. నేను తెరుస్తాను. వాసన మొదలైన వేళ గడియారంలో చూసి, గోడమీది క్యాలెండర్‌లో తిథి చూసి, నేను వేసుకున్న అంకెకూ దానికీ ఎన్ని నిమిషాల తేడా ఉందో చూసుకుంటాను. నిన్న సాయంత్రం పదకొండు నిమిషాలు. ఈ పని నాకెవరూ పెట్టలేదు. ఇంట్లో నేనొక్కణ్ణే, వయసు యాభై మూడు. పెళ్లి చేసుకోలేదు, దాని కారణం ఈ కాగితాలకు అవసరం లేదు. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు ఉషారాణి గారు గుర్తొస్తారు. సూరత్‌లో అందరూ ఆవిడను ఉషాబెన్, అంటే ఉషక్క, అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. ఆవిడ దగ్గర తెరచాప నావ నడపడం నేర్చుకున్నవాళ్లు నా లెక్కలో నూట నాలుగుమంది. మిగతావాళ్లు ఆవిడను ఎరగరు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఉషాబెన్‌ది విశాఖపట్నం. తండ్రి నౌకాదళంలో చిన్న ఉద్యోగి. ఆవిడ హజీరా దగ్గర ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఇరవై ఆరేళ్లు పనిచేసి, ముందుగానే విరమణ తీసుకుని, వచ్చినదంతా పెట్టి ఒక పాత చెక్కనావ కొన్నారు. పొడవు యాభై రెండడుగులు, వెడల్పు పద్నాలుగు, పేరు హంసిని. తాపీ నది ఒడ్డున మగ్దల్లాలో దాన్ని కట్టేసి బడి పెట్టారు. ఒక్కో జట్టుకు ఆరుగురు, పదహారు వారాలు. చివరి వారంలో అఖాతం దాటి అవతలి ఒడ్డున ఉన్న ఘోఘా వెళ్లి రావాలి. అదే పరీక్ష. ఆ రోజుల్లో నేను సూరత్ పక్కనున్న సచిన్‌లో మరమగ్గాల కార్ఖానాలో లెక్క రాసేవాణ్ణి. ఏ పడుగు బీముకు ఎన్ని మీటర్లు దిగింది, ఎంత దారం పోయింది, ఏ మగ్గం ఎన్ని గంటలు ఆగింది. సిరిసిల్ల నుంచి వచ్చినప్పుడు మగ్గం మీదే పని. అంకెలు చప్పున చెబుతున్నానని సేటు నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

ఆవిడ మా కార్ఖానాకు వచ్చింది తెరచాపల మీద కప్పడానికి గట్టి బట్ట కోసం. కాగితం మీద మూడు మూలల బొమ్మ గీసి, ఒక పక్క ఇరవై రెండడుగులు, అడుగుభాగం పద్నాలుగు, ఏటవాలు అంచు మాత్రం బయటికి అడుగున్నర ఉబ్బి ఉంటుందని సేటుకు చెబుతున్నారు. సేటు రెండు వందల యాభై చదరపు అడుగుల బట్ట అవసరమని అంటున్నాడు. నేను పక్కనుంచి, కుట్టుబడి కాకుండా నూట ఎనభై చాలన్నాను.

ఆవిడ నా వైపు తిరిగారు. “నూట ఎనభై ఎలా వచ్చిందండీ?”

“సీదా అంచైతే నూట యాభై నాలుగు మేడం. ఉబ్బుకు ఇరవై ఆరు.”

“అదే, ఉబ్బుకి ఇరవై ఆరు ఎలా?”

“కొసకు కొసకు ఇరవై ఆరడుగులుంటది. ఉబ్బు అడుగున్నర. గుణిస్తే ముప్పై తొమ్మిది. దాంట్ల మూడింట రెండొంతులు.”

“మూడింట రెండొంతులని మీకెవరు చెప్పారు?”

“ఎవ్వలు చెప్పలే. గళ్లబట్ట మీద గీసి గళ్లు లెక్కవెట్టిన. ఒక్కపారి గాదు, నాలుగుపార్లు.”

ఆవిడ కాగితం మీద నూట ఎనభై వేసుకున్నారు. “ఏటండీ బాబూ, ఎంతవరకు చదివారు మీరు?”

“ఏడు. గది గూడ పరీక్షలకు పోలే.”

“ఆదివారం మగ్దల్లా రండి. నావ చూద్దురుగాని.”

“నాకు ఈత రాదు మేడం.”

“నాకు మగ్గం రాదు. అయినా మీ దగ్గరికి వచ్చాను కదా.”

వెళ్లాను. నది మొగ దాటి సముద్రంలోకి వెళ్లిన గంటలోపే కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాను. ఒడ్డుకు వచ్చాక, ఇలా ఎన్నిసార్లయిందని ఆవిడ మర్యాదకు అడిగితే తొమ్మిదని చెప్పాను. “అది కూడా లెక్కపెట్టారా!” అని పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుతోనే నాకు ఉద్యోగం ఖాయమైనట్టుంది. నావ ఎక్కనక్కర్లేదు, ఒడ్డున కూర్చుని లెక్క నేర్పితే చాలన్నారు. ముందు నాకే నేర్పారు. నావ ముందుకొస నుంచి నీళ్లలోకి చెక్కముక్క వేసి, అది వెనకకొస దాటేదాకా లెక్కపెడితే వేగం తెలుస్తుంది. వేగం, దిక్కు, గడిచిన వేళ ఉంటే భూమి కనపడకపోయినా ఎక్కడున్నామో కాగితం మీద చుక్క పెట్టవచ్చు. మిగతాది నేనే పాత పుస్తకాలు ముందేసుకుని పట్టుకున్నాను. రెండేళ్లలో కార్ఖానా మానేశాను. ఆవిడ నన్ను ‘లెక్కల మాస్టారు’ అని పిలవడం మొదలుపెట్టారు. నలభై ఏళ్లు దాటిన మనిషిని మొదటిసారి ఎవరో మాస్టారు అంటే ఎలా ఉంటుందో నేను చెప్పలేను.

అన్నిటికన్నా ముఖ్యం పోటు లెక్క. మా మొగలో ఇసుకమేట ఉంది. నీరు నిండుగా ఉన్నప్పుడే హంసిని దాన్ని దాటగలదు. ఫోన్‌లో చూస్తే వేళ తెలుస్తుంది కదా అని ప్రతి జట్టులో ఒకరు అడిగేవారు. “ఫోన్‌కి తెలుస్తుంది, నీకు తెలీదు” అనేవారు ఉషాబెన్. ఇక్కడి పాత నావికుల పద్ధతిలోనే కట్టాలి. అమావాస్య నుంచో పున్నమి నుంచో ఎన్నో తిథి అయితే ఆ అంకెను నలభై ఎనిమిది నిమిషాలతో హెచ్చవేసి, మా మొగకు నాలుగు గంటలు కలిపితే నిండుపోటు వేళ వస్తుంది. పంచమి అయితే అయిదు నలభై ఎనిమిదులు, అంటే నాలుగు గంటలు. దానికి మరో నాలుగు. ఎనిమిది గంటలకు నిండుపోటు. నెలకు సరిపడా పట్టిక ఇలా కట్టి, సంతకం చేసి, నావలో చుక్కాని పక్కన తగిలించాలి.

దీనికి ఆవిడ పెట్టుకున్న నియమం ఒకటుంది. పట్టికను ఇద్దరు విడివిడిగా కట్టాలి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. ఒకే క్యాలెండర్ కూడా చూడకూడదు. నేను సిరిసిల్ల నుంచి తెప్పించుకునే తెలుగు క్యాలెండర్ చూసేవాణ్ణి, ఆవిడ రోజుకో కాగితం చింపే గుజరాతీ తారీఖియూ చూసేవారు. “ఇద్దరం ఒకదాన్నే చూసి చేస్తే అది ఒక లెక్కేనండీ, రెండు కాదు” అనేవారు. ఒకటో తారీఖున రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివేవాళ్లం. మూడేళ్లపాటు, ముప్పై ఆరు నెలలు, ఒక్క నిమిషం తేడా రాలేదు. ముప్పై ఏడో నెల ఆవిడకు పని ఎక్కువై, “మీది ఉంది కదా, చాల్లెండి” అని నా పట్టిక మీదే సంతకం చేశారు. ముప్పై ఎనిమిదో నెలా అంతే. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వంలోనే నేనూ త్వరపడ్డాను. అమావాస్య ఒక్కటి చూసుకుని, అక్కడి నుంచి రోజుకు నలభై ఎనిమిది చొప్పున కలుపుకుంటూ వరుసగా దింపేసేవాణ్ణి. మగ్గం మీద బట్ట దిగినట్టు పట్టిక దిగేది. క్యాలెండర్ గోడమీదే ఉండేది, నేను తలెత్తేవాణ్ణి కాదు.

నలభై ఒకటో నెలలో హంసిని పోయింది.

మూడు రోజుల సాధనకు వెళ్లి ఆరుగురితో ఆవిడ తిరిగి వస్తున్నారు. నేను ఎప్పటిలాగే మొగ పక్కనే ఉన్న డుమస్ ఒడ్డున నిలబడ్డాను. వారం మధ్య రోజు కనుక జనం లేరు, భజియాల బండ్లు సగం మూసి ఉన్నాయి. నా పట్టికలో ఆ రోజు నిండుపోటు రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలకు. రెండుంబావుకు నావ మేట దగ్గరికి వచ్చింది. ఇంకా తొమ్మిది నిమిషాలు నీరు ఎక్కుతుంది కనుక మంచి సమయమే. గాలి లోపలికి గట్టిగా తోస్తోంది, అలా తోస్తుంటే నీరు వెనక్కి తిరిగిన సంగతి నావలో ఉన్నవాళ్లకు తెలియదు. తెరచాపలు నిండుగానే ఉన్నాయి. నావ మాత్రం గుంతలో దిగబడ్డ బండిలా ముందుభాగం కొంచెం లేచి ఆగిపోయింది. నేను నా కాళ్ల దగ్గర నీళ్లలో పాతిన గుంజవైపు చూశాను. నీటికి పైన జానెడున్నర మేర గుంజ తడిగా ఉంది. అంటే నీరు ఎప్పుడో తిరిగింది. తడిని చూస్తే నలభై నిమిషాలయి ఉండాలి. ఇంటికి వెళ్లి క్యాలెండర్ చూడకముందే నాకు అర్థమైంది. చూశాక అంకె కూడా దొరికింది. ఆ పక్షంలో ద్వాదశి రెండు రోజులు నిలిచింది. నేను రోజులు లెక్కపెట్టి పదమూడు అనుకున్న రోజు, తిథి ఇంకా పన్నెండే. అసలు పోటు ఒకటీ ముప్పై ఆరుకే నిండింది.

చేపల పడవ ఒకటి వెళ్లి ఏడుగురినీ తెచ్చింది. ఉషాబెన్ నడుము దాకా బురదతో ఒడ్డెక్కారు. “మాస్టారూ, ఆరుగురూ ఉన్నారా, లెక్కపెట్టండి” అన్నారు. లెక్కపెట్టాను. రెండుసార్లు. “టీ ఉందా?” అన్నారు. ఫ్లాస్కులోంచి పోసి ఇచ్చాను. అప్పుడు చెప్పవలసింది. కప్పు ఇచ్చేటప్పుడు మా ఇద్దరి మధ్య మూరెడు దూరం కూడా లేదు. ఆవిడ వెనక నావ నెమ్మదిగా పక్కకు ఒరుగుతోంది. నేను కప్పు నిండిందా లేదా చూశాను. తర్వాతి పోటుకు పలకలు విచ్చుకున్నాయి, మూడో రోజుకు తెరచాప కొయ్య కొస ఒక్కటే పైకి కనిపించింది. నావలోంచి ఆవిడ తెచ్చిన వస్తువుల్లో ఆ పట్టిక ఉంది. మర్నాడు దాన్ని బల్లమీద చూశాను. పదమూడో వరుస పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క. అంతే. ఆవిడ నన్నేమీ అడగలేదు.

నావల కాగితాలు చూసే ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. పట్టిక ఎవరు తయారు చేశారని హిందీలో అడిగారు. నేను గోడవార బెంచీ మీద ఉన్నాను. ఆవిడ కాగితం తిప్పి సంతకం చూపించారు. “మేరా హై.” ఇంకేమైనా చెప్పేదుందా అని వాళ్లు అడిగితే లేదన్నారు. వాళ్లు నావైపు కూడా చూశారు. నేను నా చేతులవైపు చూసుకున్నాను.

బడి మూతపడుతుందని అందరూ అనుకున్నారు. జట్టు పదకొండు వారాలు పూర్తి చేసింది, ఇంకా అయిదు మిగిలాయి. ఉషాబెన్ ఆరుగురినీ పిలిచి, సోమవారం ఎనిమిదింటికి సచిన్ రమ్మన్నారు. నేను పనిచేసిన కార్ఖానా పైన ఒక గది, దానిమీద డాబా. సేటును అడిగి ఆ రెండూ తీసుకున్నారు. ఆ జట్టులో లావణ్య అని మన తెలుగువాళ్ల అమ్మాయి ఉండేది. తండ్రిది మగ్గం పనే, పిల్ల సూరత్‌లోనే పుట్టి పెరిగింది. ఇరవై రెండేళ్లు.

“నావ లేదు గదా బెన్, ఏం నేర్పుతరు మాకు?” అందామె.

“ఉన్నప్పుడు ఏం నేర్పానో అదే.”

“ఛత్ మీద జహాజ్ ఏంది బెన్! మా గల్లీల అందరు నవ్వుతున్నరు.”

“నవ్వనీ. వాళ్లకి ఈత వచ్చా?”

డాబా మీద సున్నంతో హంసినిని అసలు కొలతకే గీశాం. కొలిచింది నేను. డాబా నలభై ఆరడుగులే, నావ యాభై రెండు. ముందుభాగం ఆరడుగులు పిట్టగోడ అవతల గాల్లో ఉండిపోయింది.

“ముందట ఎవలు నిలవడ్తరు బెన్? కింద వడ్తం గద” అంది లావణ్య.

“నువ్వే. నీ నోరు ఎలాగూ ఆరడుగులు ముందే ఉంటుంది.”

నీళ్ల ట్యాంకు పైపుకు తాళ్లు కట్టి, కార్ఖానాలో పక్కన పడేసిన బట్టతో తెరచాప కుట్టి, వెదురు కొయ్యకు ఎత్తి దించేవాళ్లు. వారానికి రెండు రోజులు తెలిసినవాళ్ల చేపల పడవల మీద పంపేవారు. గదిలో లెక్క నాది. కింద మగ్గాలు ఆడుతుంటే బల్ల అదిరి పెన్సిళ్లు దొర్లిపోయేవి. పిల్లలు విసుక్కుంటే, “సముద్రం మాత్రం మీ పెన్సిల్‌ని కదలకుండా ఉంచుతుందా?” అనేవారావిడ. చివరి వారం ఘోఘా ప్రయాణం ఆ గదిలోనే జరిగింది. హంసిని పాత దినచర్య పుస్తకంలోంచి గాలీ వేగమూ నేను చదువుతుంటే, వాళ్లు వంతులవారీగా అయిదు రోజులపాటు చుక్కలు పెట్టారు. ఘోఘా చేరినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కిటికీలోంచి చూస్తే సచిన్ బస్సులు కనిపించాయి.

అంతకుముందు ఒక రోజు జరిగినది చెప్పాలి. పదమూడో వారం అనుకుంటాను. ఉషాబెన్ ఒక పట్టిక నకలు పిల్లలకిచ్చి, పక్కనే ఆ నెల క్యాలెండర్ పెట్టి, తప్పుంటే పట్టమన్నారు. నేను బోర్డు తుడుస్తున్నాను. చూడగానే తెలిసింది, హంసిని కోసం నేను వేసిన అంకెలే అవి. లావణ్య పావుగంటలో పట్టేసింది.

“పదమూడో లైన్ సంది గలత్ బెన్. ద్వాదశి రెండు దినాలుంది. ఇది చేసినోడు క్యాలెండర్ చూడనే లే, వేళ్లమీద దినాలు లెక్కవెట్టుకుంట పోయిండు. గింత సోయి లేకుంట ఎట్ల చేసిండు? ఎవరు బెన్ గీయన?”

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఉషాబెన్ నావైపు చూడలేదు. బోర్డువైపే చూస్తూ, “చేసినవాడిది సగం తప్పు. రెండో లెక్క ఏదీ? అది లేదు. అది నేను చెయ్యాల్సింది” అన్నారు. పిల్లలు తలలు దించుకుని రాసుకున్నారు. చేసినవాడు ఎవరన్నది మళ్లీ ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర ఆవిడను ఆపాను. “రేపటి సంది నేను రాను ఉషాబెన్. మళ్ల మగ్గాల కాడికే పోత.”

“ఎందుకూ?”

“కండ్లు మసక వడుతున్నయ్.”

అబద్ధం. ఆవిడకూ తెలుసు. “కళ్లద్దాలు మార్చుకోండి” అని సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీశారు. “వచ్చే నెల పోటు పట్టిక. నాది చేసేశాను. మీదెప్పుడిస్తారు?”

“నావ లేదు గద.”

“నావ లేకపోతే పోటు రాదా?”

వెళ్లి చేశాను. తలెత్తి, ఒక్కో రోజుకూ తిథి చూసి చేశాను. అక్కడి నుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున, లేని నావకు ఇద్దరం రెండు పట్టికలు కట్టి పక్కపక్కన పెట్టేవాళ్లం. డుమస్‌లో ఆవిడ ఉండే చిన్న ఇంటి వసారాలో రెండు కుర్చీలు, మధ్య ఒక స్టూలు. బేసి తారీఖులు ఆవిడ చదివేవారు, సరి తారీఖులు నేను. ఒకరు వేళ చదివితే రెండోవారు ‘సరి’ అనాలి. ముప్పై సార్లు సరి. తర్వాత టీ. ఆవిడకు దగ్గరివాళ్లెవరూ ఆ ఊళ్లో లేరు, నాకూ లేరు. అయినా మేమిద్దరం సొంత విషయాలు మాట్లాడుకున్నట్టు గుర్తులేదు. ప్రతి నెలా బస్సులో వెళ్తూ ఈసారి చెప్పేస్తాననుకునేవాణ్ణి. చెప్పవలసింది నాలుగు మాటలే. ముప్పయ్యో సరి అయ్యాక ఆవిడ కాగితాలు మడతపెట్టేవారు, నేను లేచేవాణ్ణి. అలా యాభై నెలలు. జట్లు వచ్చాయి, వెళ్లాయి. కొత్త నావ రాలేదు. డాబా మీద సున్నపు గీతలు ప్రతి వాన తర్వాతా మళ్లీ గీసేవాణ్ణి.

ఆ చివరి ఏడాది ఆవిడ గుండె బలహీనపడింది. మెట్లు ఎక్కలేక సచిన్ రావడం తగ్గించారు, తర్వాత మానేశారు. పిల్లలను లావణ్య చూసుకునేది. ఒకటో తారీఖు మాత్రం తప్పలేదు. యాభై ఒకటోసారి వెళ్లేటప్పటికి ఆవిడ మంచంమీద ఉన్నారు. కాగితం దిండు కింద నుంచి తీసి ఇచ్చి, “కళ్లు లాగుతున్నాయండీ, రెండూ మీరే చదవండి” అని కళ్లు మూసుకున్నారు. అంకెలు వణికి ఉన్నాయి, అయినా వరుస తప్పలేదు. ఆవిడది చదివి, నాది చూసి, సరి అంటూ వెళ్లాను. కృష్ణపక్షం పంచమి దాకా సరి. ఆ పక్షంలో షష్ఠి లేదు, పంచమి మర్నాడు సప్తమి. నా కాగితంలో తొమ్మిదీ ముప్పై ఆరు. ఆవిడ కాగితంలో ఎనిమిదీ నలభై ఎనిమిది. లేని షష్ఠిని ఆవిడ వేసేశారు. అక్కడి నుంచి అమావాస్య దాకా తొమ్మిది వరుసలూ తప్పు.

నేను ఆగాను. ఆవిడ కళ్లు మూసుకునే ఉన్నారు, నా ‘సరి’ కోసం చూస్తున్నారు. ఒక్క మాట. అంటే ఎవరికీ నష్టం లేదు. ఆ పట్టికను నమ్మి మేట దాటే నావ ప్రపంచంలో లేదు. అలా పడుకున్న మనిషికి తొమ్మిది వరుసలు తప్పాయని చెప్పడం ఏమి మర్యాద అనుకున్నాను. నా నోట్లో ఆ మాట తయారుగా ఉంది. ఆఫీసువాళ్లు వచ్చిన రోజు నా చేతులవైపు చూసుకున్నట్టే, మళ్లీ చూసుకుంటున్నానని తెలిసింది.

“తేడా ఉంది ఉషాబెన్.”

“ఎంత?”

“నలభై ఎనిమిది.”

కళ్లు తెరిచారు. “ఎవరిది?”

“మీది. ఈ పక్షంల షష్ఠి లేదు. మీరు ఏసిన్రు.”

“క్యాలెండర్ చూశారా, రోజులు లెక్కపెట్టారా?”

“చూసిన. మీ తారీఖియూ గూడ జూసిన, గీ గోడకే ఉంది.”

“పెన్సిల్ ఇవ్వండి.”

దిండుకు ఆనుకుని కూర్చుని, ఒక్కో వరుసా కొట్టేసి పక్కన కొత్త అంకె వేయడం మొదలుపెట్టారు. నేను సాయం చేయబోలేదు. నాలుగో వరుస దగ్గర ఉండగా అన్నాను: “హంసిని నాడు నేను చూడలే. దినాలు లెక్కవెట్టుకుంట పోయిన. ద్వాదశి రెండు దినాలుండె. గా తప్పు నాది.”

ఆవిడ తలెత్తలేదు. అయిదో వరుస, ఆరో వరుస, తొమ్మిదో వరుస దాకా దిద్దారు. పెన్సిల్ పక్కన పెట్టి, “నాలుగేళ్ల రెండు నెలలు” అన్నారు.

“ఏంది?”

“మీకు పట్టిన సమయం. నేను మూడు నెలలు అనుకున్నాను. చూశారా, ఇవాళ నాకు రెండు లెక్కలు తప్పాయి.”

నవ్వబోయి దగ్గారు. నీళ్లిచ్చాను. “మరి మీరెందుకు అడగలే నన్ను? ఒక్కపారి అడిగితే చెప్తుంటి గద.”

“నేనడిగి చెప్పించుకుంటే అది మీ లెక్క ఎలా అవుతుందండీ?” అన్నారు. తర్వాత, “లావణ్యతో కూడా చెప్పండి. చేసినవాడికి సోయి లేదంది, పాపం ఇన్నాళ్లూ మిమ్మల్ని తిట్టినట్టు దానికే తెలీదు” అన్నారు. ఆ రోజు టీ నేను పెట్టాను. పంచదార ఎక్కువైందని కూడా చెప్పారు.

దిద్దిన తొమ్మిది వరుసల్లో ఆరో వరుస నాడు ఆవిడ పోయారు. విశాఖ నుంచి దూరపు బంధువు ఒకాయన వచ్చి జరగవలసినవి జరిపించి వెళ్లారు. అందరూ వెళ్లాక నేను డుమస్ ఒడ్డుకు వెళ్లి, ఆవిడ దిద్దిన అంకెకు పోటు నిండుతుందో లేదో చూస్తూ నిలబడ్డాను. నాలుగు నిమిషాలు ఆలస్యంగా నిండింది. ఆ సంగతి చెప్పడానికి ఒక్క మనిషి పేరూ తోచలేదు. లావణ్యకు ఫోన్ చేశాను. పోటు సంగతికి బదులు, ఆ పదమూడో వరుస నాదని చెప్పాను. “నాకు ఆ దినమే డౌటొచ్చింది సార్. మీరు బోర్డు తుడుసుడు ఆపేసిన్రు” అందామె.

బడి ఇప్పటికీ సచిన్ డాబా మీదే నడుస్తోంది. తాళ్లూ తెరచాపలూ లావణ్య నేర్పుతుంది, లెక్క నేను. ప్రతి జట్టుకూ మొదటి రోజు ఆ పట్టిక బల్లమీద పెట్టి, తప్పెక్కడుందో మీరు పట్టండి, ఎవరిదో నేను చెబుతాను, నాది, అంటాను. పిల్లలు ఇబ్బందిగా ఒకరినొకరు చూసుకుంటారు. మొదటి నెలల్లో రెండో పట్టిక కూడా నేనే కట్టి చూశాను, తారీఖియూ ముందు పెట్టుకుని. ఎన్నిసార్లు కట్టినా అది ఒక లెక్కే. అందుకని ఇప్పుడు ఆరుగురూ ఎవరింట్లో వాళ్లు కట్టి తెస్తారు. ఒకటో తారీఖున చదువుతాం. ఎక్కువ నెలలు అన్నీ సరిపోతాయి. వాళ్లు సంతోషంగా టీకి దిగిపోతారు. నేను గదిలో ఉండి, నా కాగితం మళ్లీ మొదటి వరుస నుంచి తీస్తాను. ఎక్కడైనా అనుమానం వస్తే, ‘ఎవరిది?’ అని అడిగే మనిషి ఎదురుగా లేరు కనుక ఆ మాట నేనే పైకి అంటాను. ‘నాది’ అని జవాబు కూడా పైకే చెబుతాను. కింద మగ్గాల చప్పుడులో అది నాకు కూడా సరిగా వినపడదు. అందుకని రెండోసారి, కాస్త గట్టిగా చెబుతాను.